అనంతపురం పీఠభూమి స్థలాకృతి పటాలు

అనంతపురం పీఠభూమి స్థలాకృతి పటాలు అనగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు నైరుతి భాగంలో పెన్నా నది ఎగువ లోయను, దాని చుట్టూ ఉన్న మెట్టభూములను, కొండలను, వంకలను, చెరువులను ఎత్తుపల్లాలతో సహా చూపించే పటాలు. సాధారణ పటం ఊళ్ళు, దారులు ఎక్కడ ఉన్నవో తెలుపుతుంది. స్థలాకృతి పటం వాటితో పాటు ఏ చోటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉన్నదో కూడా తెలుపుతుంది. ఈ ప్రాంతంలో శాస్త్రీయమైన భూమి కొలత 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ప్రారంభమైనది. మొదట శిస్తు నిర్ణయానికి, సైనిక అవసరాలకు, భూగోళపు ఆకారాన్ని నిర్ణయించే పరిశోధనకు జరిగిన ఈ పని నేడు ముఖ్యంగా నీటి వనరుల ప్రణాళికకు ఉపయోగపడుతున్నది. వర్షం తక్కువగా కురిసే ఈ పీఠభూమిలో నీరు ఎటు పారుతుంది, ఎక్కడ నిలుస్తుంది, ఏ కాలువ ఏ ఊరికి అందుతుంది అనే ప్రశ్నలకు జవాబు భూమి ఎత్తులోనే ఉన్నది.

భౌగోళిక స్థితి

అవిభక్త అనంతపురం జిల్లా వైశాల్యం 19,130 చదరపు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా నుండి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. ఈ వ్యాసంలో అనంతపురం పీఠభూమి అనే మాట రెండు జిల్లాలకూ వర్తిస్తుంది. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డుపడటం, ఈశాన్య ఋతుపవనాలు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడటం ఇందుకు కారణాలు. దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లాలలో ఇది ఒకటి.

పీఠభూమి దక్షిణాన ఎత్తుగాను, ఉత్తర, ఈశాన్య దిశలలో పల్లంగాను ఉన్నది. హిందూపురం సముద్ర మట్టానికి సుమారు 621 మీటర్లు, అనంతపురం పట్టణం సుమారు 335 మీటర్లు, తాడిపత్రి సుమారు 230 మీటర్ల ఎత్తులో ఉన్నవి. హిందూపురం నుండి అనంతపురానికి సరళరేఖలో సుమారు 95 కిలోమీటర్లు. అనగా నేల సగటున కిలోమీటరుకు 3 మీటర్ల చొప్పున వాలుతున్నది. ఈ మెట్ట నేలపై గ్రానైటు, నైస్ రాళ్ళతో కూడిన కొండలు విడివిడిగా లేచి కనిపిస్తాయి. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం కోటలు ఇటువంటి కొండల మీదనే ఉన్నవి.

పెన్నా నది కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో చెన్నకేశవ కొండలలో పుట్టి, హిందూపురం వద్ద ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, మధ్యలో పావగడ తాలూకా మీదుగా కొంత దూరం తిరిగి కర్ణాటకలో ప్రవహించి, మరల అనంతపురం జిల్లాకు చేరుతుంది. ఉత్తరానికి సాగిన నది పామిడి ప్రాంతంలో తూర్పుకు మళ్ళి, తాడిపత్రి మీదుగా కడప జిల్లాలోని గండికోట లోయకు, అక్కడి నుండి నెల్లూరు జిల్లా తీరానికి వెళుతుంది. నది మొత్తం పొడవు 597 కిలోమీటర్లు. జయమంగళి, చిత్రావతి ఈ పీఠభూమిలో పెన్నాకు నీరందించే ఉపనదులు.

జిల్లా పడమటి భాగంలోని రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు నీరు పెన్నాకు రాదు. అది వేదవతి (హగరి) నది ద్వారా తుంగభద్రకు, తరువాత కృష్ణకు చేరుతుంది. కావున కృష్ణా, పెన్నా పరీవాహక ప్రాంతాలను వేరుచేసే జలవిభాజక రేఖ ఈ పీఠభూమి మీదుగానే పోతున్నది. చాలా చోట్ల ఈ రేఖ పెద్ద పర్వత శ్రేణి కాదు, కంటికి మామూలు మెరక నేలగానే తోచును. ఎత్తులు కొలిచి పటం గీస్తే తప్ప అది స్పష్టంగా తెలియదు.

పటాలకు పూర్వం

పటాలు లేని కాలంలో కూడా ఈ ప్రాంతపు చెరువుల నిర్మాతలకు నేల వాలు గురించి లోతైన జ్ఞానం ఉండేది. అనంతపురం పక్కన పండమేరుకు అడ్డంగా కట్టిన బుక్కరాయసముద్రం చెరువు, చిత్రావతిపై బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు ఇందుకు ఉదాహరణలు. ఈ జ్ఞానానికి లిఖిత ప్రమాణం పొరుగున కడప జిల్లాలో ఉన్నది. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగములను, ఉండకూడని ఆరు దోషములను సంస్కృతంలో వివరిస్తుంది. కొండను చీల్చుకొని ప్రవహించే నది దొరకడం అంగములలో ఒకటి. చెరువు గర్భం మధ్యలో నేల ఎత్తుగా ఉండటం, నీటి రాక తక్కువై చెరువు విస్తీర్ణం ఎక్కువ కావటం, నీటి రాక ఎక్కువై చోటు చాలకపోవటం దోషములలో చేరినవి. ఆధునిక ఇంజనీరు పరీవాహక వైశాల్యం, నిల్వ సామర్థ్యం అనే మాటలతో చెప్పే విషయం ఇదియే.

ఈ అంచనా తప్పినప్పుడు కట్ట తెగి ఊళ్ళు మునిగేవి. బుక్కరాయసముద్రం చెరువు కట్టను కాపాడటానికి ప్రాణత్యాగం చేసిన ముసలమ్మ కథ ఆ భయానికి నిదర్శనం. కట్టమంచి రామలింగారెడ్డి రచించిన ముసలమ్మ మరణము కావ్యానికి ఈ కథయే ఇతివృత్తం.

మన్రో భూమి కొలత

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఇందువలన బళ్ళారి, అనంతపురం, కడప తదితర ప్రాంతాలకు దత్తమండలం అనే పేరు వచ్చినది. ప్రిన్సిపల్ కలెక్టరుగా నియమితుడైన థామస్ మన్రో అనంతపురం కేంద్రంగా 1807 వరకు పనిచేశాడు. రైతు పేరున నేరుగా శిస్తు నిర్ణయించే రైత్వారీ పద్ధతికి ప్రతి పొలం వైశాల్యం తెలియాలి. అందుకై 1802లో పొలాల కొలత ప్రారంభించబడినది.

కొలతకు 33 అడుగుల గొలుసు వాడేవారు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల చతురస్రం వైశాల్యం 1,089 చదరపు అడుగులు. ఇటువంటివి 40 చేరితే 43,560 చదరపు అడుగులు, అనగా ఒక ఎకరా అవుతుంది. నేటికీ గుంట అని పిలువబడే కొలత ఇదియే.

ఈ కొలతలో పొలం వైశాల్యం, అది మాగాణియా, మెట్టయా, నేల తరగతి ఏది అనే వివరాలు చేరినవి. నేల ఎత్తు చేరలేదు. పొలం విస్తీర్ణం తెలుసుకొనుటకు ఇది చాలును గాని, ఆ పొలానికి ఏ చెరువు నీరు పారుతుందో చెప్పడానికి చాలదు. ఆ కొరత తీర్చే మార్గం మరొక రకమైన సర్వేక్షణ ద్వారా వచ్చినది.

లాంబ్టన్, గుత్తి ఆధార రేఖ

విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖ కొలతతో త్రికోణమితీయ సర్వేక్షణను ఆరంభించాడు. 1804లో బెంగళూరు వద్ద రెండవ ఆధార రేఖను కొలిచారు. తరువాత సుమారు 78 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి దక్షిణోత్తరంగా త్రిభుజాల మాలను విస్తరించారు. దీనిని మహా చాపం అంటారు. కన్యాకుమారి వైపు పని ముగిసిన పిమ్మట ఈ మాల బెంగళూరు నుండి ఉత్తరానికి, అనంతపురం పీఠభూమి మీదుగా సాగినది. 1811లో గుత్తి వద్ద కొత్త ఆధార రేఖను కొలిచారు. ఈ సర్వేక్షణకు 1818లో గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే అని పేరు పెట్టారు. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్ వద్ద మరణించిన తరువాత జార్జి ఎవరెస్టు దీనిని హిమాలయాల పాదాల వరకు కొనసాగించాడు.

ఈ పద్ధతి సూత్రం పాఠశాల గణితంలోనిదే. త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలను లెక్కగట్టవచ్చును. సమతలమైన నేలపై కొన్ని మైళ్ళ పొడవు గల ఒక రేఖను అత్యంత జాగ్రత్తగా కొలుస్తారు. ఇది ఆధార రేఖ. దాని రెండు చివరల నుండి దూరాన ఉన్న కొండ శిఖరాన్ని థియోడలైట్‌తో చూసి కోణాలు కొలుస్తారు. అప్పుడు ఆ శిఖరానికి దూరం లెక్క ద్వారా తెలుస్తుంది. ఆ భుజం మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి నిర్మిస్తూ పోతే, గొలుసు లాగకుండానే వందల మైళ్ళ దూరం తెలుస్తుంది. మధ్య మధ్య కొత్త ఆధార రేఖను కొలిచి, లెక్క ద్వారా వచ్చిన పొడవుతో పోల్చి పొరపాటు ఎంతో చూసుకొంటారు. గుత్తి ఆధార రేఖ ప్రయోజనం ఇదియే.

ఆధార రేఖ కొలతకు వాడినది 100 అడుగుల ఉక్కు గొలుసు. ఒక్కొక్కటి రెండున్నర అడుగుల పొడవు గల 40 కడ్డీలు ఇందులో ఉండేవి. ఉక్కు ఎండకు సాగుతుంది కనుక గొలుసును చెక్క పెట్టెలలో, ముక్కాలి పీటలపై సమంగా పరిచి, థర్మామీటర్లతో వేడిని నమోదు చేసి ఆ మేరకు పొడవును సవరించేవారు. కోణాలు కొలిచిన పెద్ద థియోడలైట్ బరువు సుమారు అర టన్ను. దానిని మోసి కొండలెక్కించినది కూలీలు. ఈ శ్రామికుల పేర్లు పటాలపై లేవు.

విడివిడి కొండలు గల ఈ పీఠభూమి త్రిభుజీకరణకు అనువైనది. ఒక శిఖరం మీద నుండి మరొక శిఖరం స్పష్టంగా కనిపిస్తుంది. చదునైన తంజావూరు ప్రాంతంలో అటువంటి కొండలు లేక, 1808లో థియోడలైట్‌ను బృహదీశ్వరాలయ విమానం మీదికి ఎక్కించవలసి వచ్చినది. అక్కడ తాడు తెగి ఆ పరికరం గోడకు తగిలి దెబ్బతిన్నది. అయితే పీఠభూమిలో ఎండవేళ నేల మీది వేడి గాలి వలన దూరపు గుర్తులు వణుకుతున్నట్లు కనిపించడం ఒక ఇబ్బంది.

మెకంజీ సర్వేక్షణ

లాంబ్టన్ త్రిభుజాలు కొండ శిఖరాల స్థానాలను మాత్రమే నిర్ణయించినవి. వాటి నడుమ ఉన్న ఊళ్ళు, వంకలు, చెరువులు, దారులు పటంపైకి తెచ్చే పని వేరు. దత్తమండలాలలో ఈ పని 1809 నుండి 1815 వరకు కాలిన్ మెకంజీ పర్యవేక్షణలో జరిగినది. 1794లో మైకేల్ టాపింగ్ చొరవతో మద్రాసులో స్థాపించబడిన సర్వే పాఠశాలలో తర్ఫీదు పొందిన యువకులు క్షేత్రంలో పనిచేశారు. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

మెకంజీ పని కేవలం గీతలకు పరిమితం కాలేదు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య సోదరులు ఆయనకు ముఖ్య సహాయకులు. బొర్రయ్య 1803లో మరణించగా లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. వీరి బృందం గ్రామ కరణాల నుండి, పెద్దల నుండి సేకరించిన స్థానిక చరిత్రలకు కైఫియత్తులు అని పేరు. గ్రామ ఎల్లలు, దేవాలయాలు, చెరువులు, వాటిని కట్టించిన వారి వివరాలు వీటిలో కనబడతాయి. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో మెకంజీ సేకరణలోని తెలుగు ప్రతులు అనేకం భద్రపరచబడి ఉన్నవి. పటం చెరువు ఉన్న చోటు చూపితే, కైఫియత్తు ఆ చెరువు కథ చెబుతుంది.

ఎత్తులను కొలవటం

తొలినాటి పటాలలో కొండలను చిన్న చిన్న గీతల నీడలతో చూపేవారు. వాటి వలన కొండ ఉన్నదని తెలిసేది గాని దాని ఎత్తు తెలిసేది కాదు. ఎత్తులు కచ్చితంగా తెలియాలంటే లెవెలింగ్ అవసరం. సమతలంగా అమర్చిన దూరదర్శిని నుండి వెనుకను, ముందును నిలబెట్టిన రెండు కొలత కర్రలను చూస్తారు. రెండు రీడింగుల తేడాయే ఆ రెండు చోట్ల ఎత్తుల తేడా. ఇట్లు అడుగడుగునా కొలుస్తూ సముద్ర తీరం నుండి లోపలి ప్రాంతాలకు ఎత్తును తీసుకొని వస్తారు. భారతదేశపు మొదటి లెవెల్ జాలం 1858లో ప్రారంభమై 1909లో పూర్తి అయినది. మద్రాసు, విశాఖపట్నంతో సహా తొమ్మిది తీర కేంద్రాలలో అలల హెచ్చుతగ్గులను నమోదు చేసి సగటు సముద్ర మట్టాన్ని నిర్ణయించారు. కచ్చితమైన ఎత్తు తెలిసిన స్థిరమైన గుర్తును బెంచ్ మార్కు అంటారు. తరువాతి కొలతలు దీనినుండి ఆరంభమవుతాయి.

1904–05 నాటి భారత సర్వే కమిటీ సిఫారసుల తరువాత సర్వే ఆఫ్ ఇండియా కొత్త శ్రేణి రంగుల పటాలను చేపట్టినది. వీటిలో ఎత్తులను సమోన్నత రేఖలతో చూపారు. ఒక అంగుళం ఒక మైలుకు సమానమైన ఈ పటాల స్కేలు 1:63,360. సర్వేయరు ముక్కాలి పీటపై అమర్చిన ప్లేన్ టేబుల్ అనే బల్ల మీద కాగితం పరచి, తెలిసిన రెండు మూడు శిఖరాల వైపు దృష్టి రేఖలు గీసి తాను నిలిచిన చోటును గుర్తించి, క్లైనోమీటరుతో ఎత్తులు కట్టి, కనబడే నేలను అక్కడికక్కడే గీసేవాడు. దేశంలో మెట్రిక్ పద్ధతి వచ్చిన పిమ్మట 1:50,000 స్కేలు ప్రామాణికమైనది. విమానం నుండి తీసిన జంట ఛాయాచిత్రాల ద్వారా ఎత్తులను గ్రహించే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చినది.

టోపోషీట్ల సంఖ్యా విధానం

సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాలను వాడుకలో టోపోషీట్లు అంటారు. ఏ ఊరు ఏ షీటులో ఉన్నదో దాని అక్షాంశ రేఖాంశాలను బట్టి తెలుసుకొనవచ్చును.

మొదట 4 డిగ్రీల అక్షాంశం, 4 డిగ్రీల రేఖాంశం గల పెద్ద చతురస్రానికి ఒక సంఖ్య ఇస్తారు. ఉత్తర అక్షాంశం 12 నుండి 16 వరకు, తూర్పు రేఖాంశం 76 నుండి 80 వరకు గల చతురస్రం సంఖ్య 57. అనంతపురం పీఠభూమి దీనిలో ఉన్నది. ఈ చతురస్రాన్ని ఒక్కొక్క డిగ్రీ గల 16 భాగాలు చేసి ఎ నుండి పి వరకు అక్షరాలు ఇస్తారు. అక్షరాలు వాయవ్య మూల నుండి మొదలై ఒక్కొక్క నిలువు వరుసలో పై నుండి క్రిందికి సాగుతాయి. ఒక్కొక్క భాగాన్ని తిరిగి 15 నిమిషాల చొప్పున 16 షీట్లుగా విభజించి, అదే క్రమంలో 1 నుండి 16 వరకు అంకెలు ఇస్తారు. ఈ షీటు స్కేలు 1:50,000. దీనిపై ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లకు సమానం.

ఉదాహరణకు అనంతపురం పట్టణం సుమారు 14 డిగ్రీల 41 నిమిషాల ఉత్తర అక్షాంశం, 77 డిగ్రీల 36 నిమిషాల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. 14–15 అక్షాంశాలు, 77–78 రేఖాంశాల మధ్య భాగం 57ఎఫ్. అందులో పట్టణం మూడవ నిలువు వరుసలో రెండవ గడిలో వస్తుంది. కావున షీటు సంఖ్య 57ఎఫ్/10. ఇదే విధంగా లెక్కిస్తే గుత్తి 57ఇ/12లో వస్తుంది.

ఈ షీట్లలో సమోన్నత రేఖలు గోధుమ రంగులో, అడవులు ఆకుపచ్చగా, సాగుభూములు పసుపుపచ్చగా, ఊళ్ళు, రోడ్లు ఎరుపులో ఉంటాయి. నిత్యం నీరుండే నదులు, చెరువులు నీలం రంగులోను, ఏడాదిలో అధిక భాగం ఎండి ఉండే వంకలు నల్లని గీతలతోను చూపబడతాయి. అనంతపురం ప్రాంతపు షీట్లలో వంకలు చాలా భాగం నల్లగీతలే. త్రిభుజం గుర్తు, దాని పక్కన అంకె ఉన్నచో అది త్రిభుజీకరణ కేంద్రం, దాని ఎత్తు అని అర్థం.

సమోన్నత రేఖలు చదివే విధానం

సముద్ర మట్టం నుండి ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలిపే రేఖ సమోన్నత రేఖ. దీనినే కాంటూరు రేఖ అని కూడా అంటారు. నిండిన చెరువు నీటి అంచు సహజమైన సమోన్నత రేఖకు ఉదాహరణ. నీటి మట్టం ఒక మీటరు తగ్గితే కొత్త అంచు మరొక సమోన్నత రేఖ అవుతుంది.

* రేఖలు దగ్గరగా ఉంటే నేల ఏటవాలుగా ఉన్నదని, దూరంగా ఉంటే చదునుగా ఉన్నదని అర్థం.
* రేఖలు మొన తేలి ఎత్తు వైపుకు చొచ్చుకొనిపోతే అది వంక లేదా లోయ. పల్లం వైపుకు పొడుచుకొని వస్తే అది గట్టు.
* నీరు సమోన్నత రేఖకు లంబంగా, పల్లానికి పారుతుంది.
* గట్టుల కొనలను కలుపుతూ గీసిన రేఖ జలవిభాజక రేఖ. దాని లోపలి వైశాల్యమే చెరువు పరీవాహక ప్రాంతం.

1:50,000 షీటులో సాధారణంగా రేఖకు రేఖకు 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. పటంపై రెండు రేఖల మధ్య 4 సెంటీమీటర్లు ఉంటే నేలపై 2 కిలోమీటర్లు. 2,000 మీటర్లకు 20 మీటర్లు, అనగా నూటికి ఒకటి వాలు. హిందూపురం, అనంతపురం మధ్య సగటు వాలు కిలోమీటరుకు 3 మీటర్లు అని పైన చూడటం జరిగినది. ఇటువంటి నేలపై రెండు రేఖల మధ్య దూరం పటంపై సుమారు 13 సెంటీమీటర్లు వస్తుంది. కొండలను వదిలి మైదానం వైపు చూస్తే షీటు దాదాపు ఖాళీగా కనిపించడానికి కారణమిదే.

కాలువలు - ఎత్తుల లెక్క

పీఠభూమికి బయటి నుండి నీరు తెచ్చిన రెండు ప్రధాన పథకాలను పోల్చితే ఎత్తుల ప్రాముఖ్యం తెలుస్తుంది.

హోస్పేట వద్ద గల తుంగభద్ర జలాశయపు పూర్తి నీటి మట్టం 1,633 అడుగులు, అనగా సుమారు 498 మీటర్లు. అనంతపురం పట్టణం సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉన్నది. కనుక తుంగభద్ర ఎగువ కాలువ నీరు బళ్ళారి మీదుగా, జలవిభాజక రేఖను దాటి, వాలు మీదనే పారి పెనకచెర్ల వద్దనున్న మధ్య పెన్నార్ జలాశయానికి చేరుతుంది. కృష్ణా పరీవాహకపు నీరు పెన్నా లోయలోకి వస్తున్న మార్గమిది.

శ్రీశైలం జలాశయపు పూర్తి నీటి మట్టం 885 అడుగులు, అనగా సుమారు 270 మీటర్లు. ఇది అనంతపురం కంటె పల్లం. అందువలన హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకంలో నీటిని మల్యాల నుండి పలు దశలలో పంపులతో పైకి ఎత్తవలసి వచ్చినది. 40 టి.ఎం.సి.ల నీటితో నాలుగు రాయలసీమ జిల్లాలలో 6.025 లక్షల ఎకరాలకు సాగునీరు ఇవ్వటం ఈ పథకపు లక్ష్యం. 2012లో ఈ నీరు బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయానికి చేరినది. ఎత్తిన ప్రతి మీటరుకు విద్యుత్తు ఖర్చు అవుతుంది. కావున కాలువ మార్గం ఏ ఎత్తులో పోవాలి అనేది పథకం ఖర్చును, అందులో చేరే ఊళ్ళను కూడా నిర్ణయిస్తుంది. కాలువకు దిగువన ఉన్న పొలానికి నీరు వాలు మీద పారుతుంది. కొద్ది మీటర్లు మెరకన ఉన్న పక్క పొలానికి కాలువ కళ్ళెదుటే ఉన్నా నీరు అందదు.

పదివేలకు ఒకటి వాలుతో తవ్విన కాలువ 100 కిలోమీటర్ల దూరంలో దిగేది 10 మీటర్లు మాత్రమే. టోపోషీటులో రెండు సమోన్నత రేఖల మధ్య తేడాలో ఇది సగం. కావున టోపోషీటు కాలువ పోదగిన దారిని సూచించగలదే గాని, త్రవ్వకానికి నేల మీద తిరిగి లెవెలింగ్ చేయక తప్పదు.

వాటర్‌షెడ్లు, చెరువుల గొలుసు

పెద్ద కాలువలు అందని చోట కురిసిన వాననే నిలుపుకోవాలి. సి.హెచ్. హనుమంతరావు కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగా రూపొందిన మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను ప్రణాళికకు ప్రమాణంగా తీసుకొన్నవి. దీని ఎల్ల గ్రామ సరిహద్దు కాదు, జలవిభాజక రేఖ. పని గట్టు మీద మొదలై లోయకు దిగాలి. పైన కందకాలు, మధ్యలో రాతి కట్టలు, చేను గట్లు, క్రింద నీటికుంటలు, చెక్ డ్యాములు అనే వరుస పాటించకపోతే, పై నుండి వచ్చిన మట్టి క్రింది నిర్మాణాలను పూడ్చివేస్తుంది.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించబడినది. ఈ పథకం క్రింద ఇటువంటి నీటి సంరక్షణ పనులు విస్తృతంగా జరిగినవి. కందకం సమోన్నత రేఖ వెంబడి తవ్వితే నీరు దాని పొడవునా సమంగా నిలిచి ఇంకుతుంది. రేఖ తప్పితే నీరంతా పల్లపు కొనకు చేరి కట్టను తెంచుకొని పోతుంది. పొలంలో ఈ రేఖను గుర్తించుటకు మూడు కర్రలు కట్టి తూకపు దారం వేలాడదీసిన చట్రం, తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టం చాలును.

ఈ పీఠభూమి చెరువులు చాలా వరకు గొలుసుగా ఉన్నవి. పై చెరువు నిండి మరవ పారితే ఆ నీరు క్రింది చెరువుకు చేరుతుంది. పాత టోపోషీట్లు ఈ వంకలను, చెరువుల పూర్వపు విస్తీర్ణాన్ని నమోదు చేసినవి. ఒక వంక మూసుకుపోయినదా, ఆక్రమణకు గురైనదా అని తెలుసుకొనుటకు పాత షీటును నేటి ఉపగ్రహ చిత్రంతో పోల్చవచ్చును. కరవు ప్రాంతం కావడం వలన వరద రాదు అనుకొనుటకు వీలు లేదు. 2022 అక్టోబరులో భారీ వర్షాలకు నడిమివంక పొంగి అనంతపురం నగరంలోని పల్లపు కాలనీలు మునిగినవి. ఎండిన వంక కూడా పటంపై వంకయే.

ఉపగ్రహ యుగం

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక నుండి జరిపిన రాడార్ సర్వేక్షణ భూమిపై అధిక భాగానికి ఎత్తుల వివరాలను అందించినది. 2005 మే 5న శ్రీహరికోట నుండి ప్రయోగించిన కార్టోశాట్-1 ఒకే స్థలాన్ని రెండు కోణాలలో చిత్రించి, భారత భూభాగానికి కార్టోడెమ్ అనే ఎత్తుల నమూనా తయారు చేయుటకు తోడ్పడినది. దీనిని హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రూపొందించినది. ఈ నమూనాల నుండి కంప్యూటరు వాగుల మార్గాలను, పరీవాహక ఎల్లలను స్వయంగా గీయగలదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు వాడబడినవి.

ఉపగ్రహ సంకేతాల ద్వారా నేరుగా లభించే ఎత్తు, సముద్ర మట్టం నుండి ఎత్తు ఒకటి కాదు. మొదటిది గణితపరమైన దీర్ఘగోళం నుండి కొలిచినది. బెంగళూరు–అనంతపురం ప్రాంతంలో ఈ రెంటికీ తేడా 80 మీటర్లకు పైగా ఉన్నది. సవరణ చేయని పరికరం అనంతపురం ఎత్తును 250 మీటర్ల దరిదాపులలో చూపవచ్చును. పాత షీట్ల ఎత్తులను కొత్త కొలతలతో కలిపేటప్పుడు ఈ విషయాన్ని గమనించాలి.

పరిమితులు

చిన్న కుంట లోతు మూడు నాలుగు మీటర్లకు మించదు. 20 మీటర్ల తేడాతో గీసిన సమోన్నత రేఖలలో అది కనబడదు. ఎండీవర్ రాడార్ సర్వేక్షణకు నిర్దేశించుకొన్న ఎత్తుల కచ్చితత్వం 16 మీటర్లు, కార్టోడెమ్‌ది సుమారు 8 మీటర్లు. ఏ పటమైనా తయారైన సంవత్సరపు నేలనే చూపుతుంది. ఇసుక త్రవ్వకం, పూడిక, కొత్త రోడ్ల కట్టలు నీటి దారిని మార్చవచ్చును. అందుచేత వాటర్‌షెడ్ పనులలో పటంతో పాటు, ఆ వంక వెంట నడిచే రైతుల, గొర్రెల కాపరుల అనుభవాన్ని కూడా నమోదు చేయటం ఆచారమైనది. పెద్ద వానకు నీరు ఏ గట్టు దాటినదో వారికి తెలిసినంతగా షీటుకు తెలియదు. అయితే రెండు ఊళ్ళ మధ్య నీటి తగవు వచ్చినప్పుడు ఇరుపక్షాలూ అంగీకరించగల సాక్ష్యం లెవెలింగ్ అంకెలే.

పటాల లభ్యత

చాలా కాలం టోపోషీట్లు సామాన్యులకు అంత సులభంగా లభించేవి కావు. 2005 జాతీయ పటాల విధానం పటాలను రక్షణ శ్రేణి, సార్వజనిక శ్రేణి అని రెండుగా విభజించినది. సార్వజనిక శ్రేణిలో షీట్ల సంఖ్యా విధానం, ప్రక్షేపం మారినవి. పాత షీట్లు ఎవరెస్టు దీర్ఘగోళంపై పాలీకోనిక్ ప్రక్షేపంలో ఉండగా, కొత్తవి డబ్ల్యూజీఎస్-84 ప్రమాణంపై యూటీఎం ప్రక్షేపంలో ఉన్నవి. 2017లో సర్వే ఆఫ్ ఇండియా ఈ షీట్లను పౌరులు అంతర్జాలం ద్వారా ఉచితంగా పొందే ఏర్పాటు చేసినది. 2021 ఫిబ్రవరి 15న వెలువడిన మార్గదర్శకాలు భారతీయ సంస్థలు, వ్యక్తులు ముందస్తు అనుమతి లేకుండా పటాలు తయారు చేయుటకు చాలా వరకు వీలు కల్పించినవి. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వెలువడినది. ఒకప్పుడు కలెక్టరు కచేరీలలో, సైనిక కార్యాలయాలలో ఉండిన షీటును నేడు గ్రామ పాఠశాల విద్యార్థి కూడా తెరచి, తన ఊరి చెరువుకు నీరు ఏ గట్టు మీద నుండి వస్తున్నదో చూడవచ్చును.